మందుల షాపులో ఐస్‌క్రీమ్: పాలు మనవి, ఫ్రీజర్ ఎవరిది?

మందుల షాపులో ఐస్‌క్రీమ్ అమ్ముతారంటే మన ఊళ్లో నవ్వుతారు. పిల్లాడికి జలుబు చేస్తే ముందు మాన్పించేది ఐస్‌క్రీమే గదా, జలుబు మందు అమ్మేవాడే అదీ అమ్మితే ఎట్లా అంటారు. అమెరికాలో మాత్రం ఇది వందేళ్లు దాటిన వ్యాపారం. కాలిఫోర్నియాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లి ఆరు నెలలుండి వచ్చిన పెద్దవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎవరైనా బీపీ మాత్రల కోసం 'రైట్ ఎయిడ్' అనే షాపుకు వెళ్లి ఉంటే ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఓ పక్కన అద్దాల పెట్టె, అందులో రంగురంగుల ఐస్‌క్రీమ్ తొట్లు, వాటి వెనక కోను పట్టుకుని నిలబడ్డ అమ్మాయి. మాత్రలు కట్టేలోపల మనవడు కోను చేతబట్టుకునేవాడు.

ఆ షాపులు ఇప్పుడు లేవు. 2025 అక్టోబరులో చివరి రైట్ ఎయిడ్ కూడా మూతపడింది. ఎక్కడో అమెరికాలో మందుల షాపు మూతపడితే పాడి పేజీలో ఆ ఏడుపు దేనికని అడగొచ్చు. పొద్దున్నే పాల కేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడే మనిషికి ఈ కథలో పని ఉంది. ఐస్‌క్రీమ్ బాగుండి, కొనేవాళ్లుండి, పాలుండి కూడా కౌంటర్లు ఎట్లా పోయాయో అందులో ఉంది.

అసలు మందుల షాపులోకి ఐస్‌క్రీమ్ ఎందుకొచ్చిందో ముందు చెప్పుకోవాలి. ఐస్‌క్రీమ్ కంటే ముందు వచ్చింది సోడా. పంతొమ్మిదో శతాబ్దంలో గ్యాసు నీళ్లు అరుగుదలకు మంచివని నమ్మేవారు. బుగ్గల్లో నుంచి వచ్చే ఖనిజ జలానికి మారుగా మందులు కలిపే ఆయనే యంత్రం పెట్టి సోడా తయారుచేసేవాడు. చేదు మందును తీపి పాకంలో కలిపి సోడా పోసి ఇస్తే జనం ముఖం చిట్లించకుండా తాగారు. కొన్నాళ్లకు మందు పోయింది, పాకమూ సోడా మిగిలాయి. కోకాకోలా 1886లో మొదట అమ్ముడుపోయింది అట్లాంటా నగరంలోని జేకబ్స్ అనే మందుల షాపులోనే, గ్లాసు 5 సెంట్లకు. (ఇక్కడ సెంటంటే భూమి కొలత కాదు, డాలరులో నూరో వంతు.) సోడా పోసే బల్ల ఉన్నచోటికి ఐస్‌క్రీమ్ రావడానికి ఎంతసేపు పడుతుంది? వచ్చింది. సోడాలో ఐస్‌క్రీమ్ వేశారు, పాలలో వేశారు, దేంట్లో వేసినా అమ్ముడుపోయింది.

పాల కథలో మనకు తెలిసిన పేరొకటి వస్తుంది. హార్లిక్స్. ఇంగ్లండు నుంచి అమెరికా వలస వెళ్లిన ఇద్దరు అన్నదమ్ములు, విలియం హార్లిక్, జేమ్స్ హార్లిక్, విస్కాన్సిన్ రాష్ట్రంలో రసీన్ అనే ఊళ్లో మొలకెత్తిన బార్లీ, గోధుమ, పాలు కలిపి ఆరబెట్టి పొడి చేశారు. 1883లో దానికి పేటెంటు తీసుకున్నారు. పసిపిల్లలకు, రోగులకు ఆహారంగా మొదలైన ఆ పొడి మందుల షాపుల్లోనే దొరికేది. అక్కడి కౌంటర్లలో దాన్ని చల్లటి పాలలో, చాక్లెట్ పాకంలో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. 1922లో షికాగోలో వాల్‌గ్రీన్ అనే చైన్ మందుల షాపులో ఐవర్ కౌల్సన్ అనే పనివాడు ఆ గ్లాసులో వెనిలా ఐస్‌క్రీమ్ కూడా వేసి చిలికి ఇచ్చాడు. దానికోసం జనం బారులు తీరారు. మన రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. మన దగ్గర ఈనాటికీ ఆ సీసా కిరాణా కొట్లోనే కాదు, మందుల షాపులోనూ కనబడుతుంది. రోగి బలానికని తీసుకెళ్తాం. అంటే మందుల షాపులో పాల సరుకు అమ్మడం మనకేమీ కొత్త కాదన్నమాట. కొత్తగా చేరాల్సింది చల్లదనం ఒక్కటే.

1920లో అమెరికా అంతటా మద్యనిషేధం వచ్చింది. 1933 దాకా నడిచింది. మన దగ్గర మద్యనిషేధం పెట్టిన రోజుల్లో ఏం జరిగిందో మనకు తెలుసు. అక్కడా దొంగసారా పుష్కలంగానే పారింది. కానీ నలుగురూ పగటిపూట కూర్చుని కబుర్లు చెప్పుకునే బార్లు మూతపడ్డాయి కనుక ఆ జనమంతా మందుల షాపు కౌంటర్లకు చేరారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా రాగలిగిన చోటు అది. వాల్‌గ్రీన్ ఆ పదేళ్లలోనే చైన్ మీద చైన్ తెరుచుకుంటూ పోయింది.

ఆ కౌంటర్ దగ్గర అందరికీ చోటు ఉండేదనుకుంటే పొరపాటు. దక్షిణాది రాష్ట్రాల్లోనూ వాటి పక్క రాష్ట్రాల్లోనూ నల్లవాళ్లు అక్కడ కూర్చుని తినడానికి వీల్లేదు. మందు కొనుక్కోవచ్చు, డబ్బు తీసుకుంటారు, స్టూలు మాత్రం ఇవ్వరు. మన హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. 1958 వేసవిలో కాన్సాస్ రాష్ట్రం విచిటాలో డాకమ్ అనే మందుల షాపు కౌంటర్ దగ్గర నల్లజాతి యువకులు, అమ్మాయిలు వారాల తరబడి వచ్చి కూర్చుని ఆ ఆంక్షను ఎత్తివేయించారు. అదే ఏడాది ఆగస్టులో ఓక్లహామా సిటీలో క్లారా లూపర్ అనే పంతులమ్మ పిల్లలను వెంటబెట్టుకుని కాట్జ్ మందుల షాపు కౌంటర్ ముందు కూర్చుంది. కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీ తన కౌంటర్లు అందరికీ తెరిచింది. బల్ల ఎవరిదో వాడి మాటే అక్కడ చెల్లుతుంది, ఎదురు కూర్చునేదాకా.

ఆ తర్వాత కౌంటర్ల కాలం తగ్గింది. కొనేవాడే బుట్ట పట్టుకుని అరల మధ్య తిరిగి సరుకు తీసుకునే పద్ధతి వచ్చింది. అయిదడుగుల బల్ల, పది స్టూళ్లు పెట్టే జాగాలో అరలు పెట్టి షాంపూలు, బొమ్మలు పేరిస్తే ఎక్కువ గిడుతుందని యజమానులు లెక్కవేశారు. కౌంటర్‌కు మనిషి కావాలి, జీతం కావాలి, గిన్నెలు కడగాలి. ఒక్కో కంపెనీ మెల్లిగా వదిలించుకుంది.

ఒక్కచోట మాత్రం వదల్లేదు. లాస్ ఏంజిలెస్‌లో పుట్టిన 'థ్రిఫ్టీ' అనే చైన్ మందుల షాపుల కంపెనీ 1940లో హాలీవుడ్‌లో ఒక ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీని కొనేసింది. ఇంకొకరి సరుకు తెచ్చి అమ్మడం కాదు, తన సరుకు తానే చేసి తన షాపులోనే అమ్మింది. స్టూళ్లు, బల్లలు, కడగాల్సిన గిన్నెలు లేవు. కోనులో పెట్టి చేతికివ్వడమే. మొదటి రోజుల్లో ఒక స్కూపు 5 సెంట్లు. తర్వాత ధర పెరిగినా పక్క దుకాణాల కంటే చవగ్గానే ఉంచారు. వాళ్ల స్కూపు గుండ్రటి ఉండలా కాకుండా చిన్న గిద్ద బోర్లించినట్టు స్తంభంలా పడుతుంది. చూడముచ్చటగా ఉంటుందని జనం అనుకునేవారు. నాకైతే అందులో వ్యాపారి తెలివే కనబడుతుంది. ఉండ చుట్టే చేతిని బట్టి ఒకడికి ఎక్కువ, ఒకడికి తక్కువ పడుతుంది. గిద్దతో కొలిస్తే ఎవరు పెట్టినా ఒకటే కొలత.

ఐస్‌క్రీమ్ మీద వాళ్లు పెద్దగా లాభం చూసుకోలేదు. దాని పని మనిషిని షాపు గడప దాటించడం. మందు కట్టడానికి పది నిమిషాలో, పావుగంటో పడుతుంది. ఆ కాస్త సమయం షాపులో తిరిగితే ఇంకో రెండు సరుకులు బుట్టలో పడతాయి. మందు కోసం వచ్చిన వాడు చికాగ్గా ఉంటాడు. కోను కోసం వచ్చినవాడు అట్లా ఉండడు. 'చాక్లెట్ మాల్టెడ్ క్రంచ్' అనే రుచి కోసం పిల్లలు తల్లిదండ్రుల్ని ఆ షాపుకే లాక్కెళ్లేవారు. వాళ్లే పెద్దవాళ్లయ్యాక తమ పిల్లల్ని తీసుకెళ్లారు. 1996లో థ్రిఫ్టీ షాపుల్ని రైట్ ఎయిడ్ కంపెనీ కొన్నప్పుడు బోర్డు మీద పేరు మార్చింది గానీ ఐస్‌క్రీమ్ కౌంటర్ జోలికి పోలేదు. థ్రిఫ్టీ అన్న పేరు కూడా ఐస్‌క్రీమ్‌కు అట్లాగే ఉంచింది. కాలిఫోర్నియా 1993 నుంచి అమెరికాలో పాల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉన్న రాష్ట్రం. అక్కడ పాలకు కొదవ లేదు, ఎండకూ కొదవ లేదు.

మరి ఎందుకు పోయాయి? ఐస్‌క్రీమ్ పాడయ్యి కాదు. రైట్ ఎయిడ్ నెత్తిన అప్పులు పేరుకున్నాయి. మత్తునొప్పి మాత్రలు అమ్మిన తీరు మీద 2023లో అమెరికా ప్రభుత్వమే దావా వేసింది. పెద్ద కంపెనీల పోటీ సరేసరి. 2023 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది, తేరుకున్నట్టే కనబడింది, 2025 మేలో మళ్లీ దివాలాకెక్కింది. రోగుల చీటీల దస్త్రాలను తోటి కంపెనీలు కొనుక్కున్నాయి. షాపులు మూతపడ్డాయి. ఆ షాపుల్లోని ఐస్‌క్రీమ్ కౌంటర్లు చేయని నేరానికి వాటితోపాటే పోయాయి. థ్రిఫ్టీ ఐస్‌క్రీమ్ వ్యాపారాన్ని మాత్రం 2025లో హిల్‌రాడ్ హోల్డింగ్స్ అనే సంస్థ 1.92 కోట్ల డాలర్లకు కొంది. మన రూపాయల్లో 160 కోట్ల పైమాటే. అంటే పేరుకు, రుచికి అంత విలువ కట్టినవాళ్లున్నారు. కాళ్ల కింద నేల లేకుండా పోయిందంతే.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మన ఊరి కిరాణా కొట్టు ముందు ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ ఉంటుంది. దాని మీద కంపెనీ బొమ్మ ఉంటుంది. దుకాణదారుణ్ని అడగండి, ఫ్రీజర్ నీదేనా అని. చాలాచోట్ల కాదంటాడు. కంపెనీ ఇచ్చింది, వాళ్ల సరుకు తప్ప ఇంకొకరిది పెట్టకూడదు అంటాడు. కరెంటు బిల్లు అతనిది, జాగా అతనిది, పెత్తనం కంపెనీది. ఊళ్లోని పాలు పోసే సంఘం రేపు తన సొంత ఐస్‌క్రీమ్ తెచ్చి పెట్టమన్నా అతను పెట్టలేడు. ఇంకో ఫ్రీజర్ పెట్టడానికి జాగా ఉండదు. ఇది మన దగ్గరే ఉన్న తంతు కాదు. ఐర్లాండులో యూనిలీవర్ కంపెనీ దుకాణాలకు ఫ్రీజర్లు ఉచితంగా ఇచ్చి తన సరుకే పెట్టాలని షరతు పెడితే, మార్స్ కంపెనీ పోట్లాటకు దిగింది. ఆ షరతు పోటీకి అడ్డమని 1998లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. 2003లో కోర్టు కూడా అదే నిలబెట్టింది. అక్కడ కొట్లాడిందీ పెద్ద కంపెనీయే, ఏళ్లూ పూళ్లూ పట్టింది. మన పాల సంఘాలు కోర్టుకెక్కి గెలిచేలోపు నాలుగు వేసవులు దాటిపోతాయి.

ఐస్‌క్రీమ్ గురించి పాడి రైతు ఇంతగా పట్టించుకోవాలా అంటే, లెక్క చూడండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే పాల వెన్న 10 శాతానికి తగ్గకూడదు. లీటరు ఐస్‌క్రీమ్ బరువు 525 గ్రాములకు తగ్గకూడదు. లీటరంటే కిలో కాదన్నమాట, అందులో సగందాకా గాలే. కొట్టి గాలి నింపడాన్ని ఓవర్‌రన్ అంటారు, అది మోసం కాదు, గాలి లేకపోతే రాయిలా ఉంటుంది. ఆ 525 గ్రాముల్లో వెన్న 52 గ్రాముల పైచిలుకు. 6.5 శాతం వెన్న ఉన్న గేదె పాలు లీటరులో 67 గ్రాముల వెన్న ఉంటుంది. అంటే ముప్పావు లీటరు దాటిన గేదె పాలల్లో ఉన్న వెన్న లీటరు ఐస్‌క్రీమ్‌కు సరిపోతుంది. పైన పంచదార, రుచి, కరెంటు, డబ్బా, రవాణా, దుకాణదారు కమీషను. ఇవన్నీ తక్కువేం కాదు. ఒక్క జీఎస్‌టీయే 2025 సెప్టెంబరు 22 దాకా 18 శాతం ఉండేది, ఆ రోజు నుంచి 5 శాతానికి దిగింది. అయినా మీ పాల చీటీలో రేటు పక్కన లీటరు ఐస్‌క్రీమ్ డబ్బా రేటు పెట్టి చూసుకోండి. ఆ మధ్య తేడా ఎవరెవరు పంచుకుంటున్నారో కనుక్కోవడం రైతు హక్కు.

ఇంకో తిరకాసుంది. ఫ్రీజర్‌లో ఉన్నదంతా ఐస్‌క్రీమ్ కాదు. పాల వెన్నకు బదులు వంటనూనె కొవ్వు వాడితే దాన్ని 'ఫ్రోజెన్ డెజర్ట్' అనాలి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, పిల్లాడు బొమ్మ చూస్తాడు గానీ అక్షరాలు చూడడు. ఈ తేడా గురించి అమూల్ వేసిన ప్రకటన మీద 2017లో బొంబాయి హైకోర్టు దాకా తగాదా నడిచింది. ఆయిల్‌పామ్ వేసుకున్న రైతు సోదరులు దీనికి నొచ్చుకోవద్దు. నూనె వాడటం నేరం కాదు, నూనె కొవ్వుది నూనె కొవ్వని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. పాల రైతుకు కావాల్సింది తన వెన్న ఉన్న డబ్బా తన వెన్న పేరు మీద కొనేవాడి కంట పడటం. ఫ్రీజర్ ఇంకొకడిదైనప్పుడు అది కుదరదు.

ఐస్‌క్రీమ్ ఎండాకాలం సరుకు, గేదె పాలు చలికాలం సరుకు. వర్షాలు పడ్డాక ఈనికలు మొదలై కార్తీకం, మార్గశిరాల్లో పాలు వెల్లువెత్తుతాయి. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి గడ్డి తగ్గి, ఎండలు ముదిరి గేదెలు వట్టిపోతాయి. సరిగ్గా అప్పుడే ఐస్‌క్రీమ్‌కు గిరాకీ. కాబట్టి చలికాలం పాలను వెన్నగా, పొడిగా చేసి దాచిపెట్టుకోగల సంఘమే ఈ వ్యాపారంలో నిలబడుతుంది. పాలు ఎక్కువైన రోజుల్లో రేటు తెగ్గోసి, ఎండాకాలం పాలు లేవని చేతులెత్తేసే సంఘానికి ఐస్‌క్రీమ్ కౌంటర్ పెట్టినా పొడి, వెన్న బయట కొనుక్కోక తప్పదు. అప్పుడది రైతు ఐస్‌క్రీమ్ ఎట్లా అవుతుంది?

మరైతే సొంతంగా పార్లర్లు కట్టుకోవడమేనా? అమూల్ ఐస్‌క్రీమ్ 1996లో వచ్చింది, ఆ సంస్థ పేరు మీద పార్లర్లు ఊరూరా కనబడుతున్నాయి. కానీ ప్రతి సంఘం అమూల్ కాలేదు. పట్నం మెయిన్‌రోడ్డులో షాపు అద్దె, మనిషి జీతం ఐస్‌క్రీమ్ ఒక్కదాని మీద రావడం కష్టం. వానాకాలం నాలుగు నెలలు ఈగలు తోలుకోవాలి. థ్రిఫ్టీ పద్ధతిలో ఉన్న సుఖం అదే. అద్దె మందులది, కోను ఐస్‌క్రీమ్‌ది. జనం ఎట్లాగూ వచ్చే చోట, ఎట్లాగూ ఎదురుచూసే చోట, ఓ మూల నాలుగడుగుల జాగా తీసుకోవాలి. రైతు బజార్లు 1999 నుంచి ఉన్నాయి. బస్టాండ్లున్నాయి, ఆస్పత్రి వరండాలున్నాయి. మందుల షాపులూ ఉన్నాయి. ఇప్పుడు జిల్లా పట్నాల్లోకీ చైన్ మందుల షాపులు వచ్చేశాయి. వాటిల్లో సబ్బులు, బిస్కెట్లు, పసిపిల్లల పొడిడబ్బాలు ఎప్పటినుంచో అమ్ముతున్నారు.

మందుల షాపుకు ఒక జాగ్రత్త అవసరం. ఇన్సులిన్, టీకాలు ఉంచే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్‌క్రీమ్‌కు సున్నాకు కింద 18 డిగ్రీలు కావాలి. రెండూ ఒకే పెట్టెలో పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. మందుల ఫ్రిజ్‌లో తినేవి పెట్టనే పెట్టకూడదు. వేరే ఫ్రీజర్, వేరే మీటరు, ఆహార లైసెన్సు వేరే. కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఐస్‌క్రీమ్ నాలుకకు ఇసుకలా తగులుతుంది, అదొక్కసారి తగిలితే కొన్నవాడు మళ్లీ రాడు.

షుగరు మాత్రలు కొనడానికి వచ్చినవాడి ముందు తీపి పెట్టడం ఏం న్యాయం అనేవాళ్లుంటారు. ఆ మాటలో బలం ఉంది. అమెరికాలోనే సీవీఎస్ అనే పెద్ద మందుల కంపెనీ, రోగం నయం చేసేచోట రోగం అమ్మడమేమిటని 2014లో తన షాపుల్లో సిగరెట్లు మానేసింది. ఐస్‌క్రీమ్‌ను సిగరెట్‌తో కట్టేయడం న్యాయం కాదు గానీ, ఆస్పత్రి గేటు పక్కన పెట్టే ఫ్రీజర్‌లో మజ్జిగ, పెరుగు, పంచదార వేయని లస్సీ ఉంచితే పాల రైతుకు నష్టమేమీ లేదు. అవీ మన పాలే.

ఏ జాగా అయినా సరే, రైట్ ఎయిడ్ సంగతి మరిచిపోకుండా కాగితం రాసుకోవాలి. జాగా షాపువాడిది, అద్దె కట్టండి, లేదా అమ్మకం మీద కమీషను ఇవ్వండి. ఫ్రీజర్ మాత్రం సంఘం పేరున కొనాలి, చక్రాలున్నది కొనాలి, బిల్లు సంఘం బీరువాలో ఉండాలి. షాపు చేతులు మారినా, మూతపడినా మర్నాడు పొద్దున్నే ఆటోలో ఎక్కించుకుని పక్క వీధిలో దింపుకోగలగాలి. ఒకే చైన్ షాపు కంపెనీకి జిల్లాలోని కౌంటర్లన్నీ అప్పగించకూడదు.

ఈసారి మీ పాల సంఘం సర్వసభ్య సమావేశంలో బోనస్ మాట అయ్యాక ఇంకో ప్రశ్న కూడా వేయండి. సంఘానికి పట్నంలో ఫ్రీజర్లు ఎన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి బిల్లులు ఎవరి పేరున ఉన్నాయి? చలికాలం పాలు రావడానికి ముందే అడగండి. కార్తీకంలో వెన్న దాచుకుంటేనే ఏప్రిల్‌లో కోను చేతికొస్తుంది.